ఆ రాత్రి వాళ్లకు కనిపించింది మీ చేతిలో ఫోను

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. మాది విజయవాడ, సత్యనారాయణపురం. నా వయసు 36. ఒక ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి లెక్కలు చెబుతాను. పోయిన మాఘమాసంలో మా పెద్దాడపడుచుగారి అమ్మాయి పెళ్లి గుంటూరులో, అమరావతి రోడ్డులో ఒక కల్యాణ మండపంలో జరిగింది. ముహూర్తం రాత్రి 11 దాటాక. ఆ రోజు మా చిన్నవాడికి 102 జ్వరం. రెండేళ్ల క్రితం జ్వరం ఎక్కువై వాడికి ఒకసారి ఫిట్స్ వచ్చాయి. వాణ్ని మా అమ్మ దగ్గర ఉంచి, వెళ్లకపోతే బాగుండదని వెళ్లాను. ఎనిమిదింటికి చేరాను. వెనక వరుసలో కూర్చుని, అమ్మ పంపే మెసేజీల కోసం ఫోను చూసుకుంటూనే ఉన్నాను. భోజనం చేయలేదు. తొమ్మిదిన్నరకు మావారికి చెప్పి బస్సెక్కి వచ్చేశాను. పెళ్లింట్లో జ్వరం మాట ఎందుకని ఇంకెవరికీ చెప్పలేదు. నా ముఖం చూస్తేనే తెలిసిపోవాలి కదా, నేనెంత కంగారులో ఉన్నానో. వదినగారు తర్వాత నలుగురిలో "టీచరమ్మ కదా, మా పెళ్లి ఆమె కంటికి ఆనలేదు, పొగరు" అన్నారని మా తోటికోడలు చెప్పింది. అప్పటినుంచి ఏ ఫంక్షన్‌కీ వెళ్లబుద్ధి కావడం లేదు. ఈ శ్రావణంలో గుంటూరు దగ్గర గోరంట్లలో వాళ్ల గృహప్రవేశం. తలుచుకుంటేనే టెన్షన్. మనుషులే ఇంత. మా అపార్ట్‌మెంట్లో నాలుగు నెలల క్రితం పై అంతస్తులోకి ఒకావిడ వచ్చింది. లిఫ్టులో ఎదురుపడినా చెవుల్లో ఇయర్‌ఫోన్లు, తల ఎత్తదు. అంత గర్వం. పేరు కూడా తెలియదు. ఇలాంటివాళ్ల మధ్య ఎలా నెట్టుకురావాలి? గృహప్రవేశానికి వెళ్లాలా, మానాలా?

— ఒక సోదరి, విజయవాడ

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం చదువుతుంటే నా మనసు ముందు బాబు మీదికే పోయింది. ఆ రాత్రి మీరు ఇల్లు చేరేసరికి వాడెలా ఉన్నాడో మీరు రాయలేదు. ఇప్పుడు చక్కగా బడికి వెళ్తున్నాడనే అనుకుంటున్నాను. ఆ మండపంలో మీ బంధువులు అంతమంది ఉన్నా "పిల్లాడికి ఎలా ఉంది?" అని ఒక్కరూ అడగలేదు. తెలిస్తే అడక్కుండా ఉండేవాళ్లు కాదు. వాళ్లకు తెలియదు. నేను చెప్పబోయేదంతా ఆ తెలియకపోవడం గురించే.

జవాబు ముందే చెప్పేస్తాను. గృహప్రవేశానికి వెళ్లండి. దానికంటే ముందు, ఏ సందడీ లేని ఒక ఆదివారం మీ వదినగారింటికి విడిగా వెళ్లి రండి.

ఆ రాత్రిని ఒకసారి ఆవిడ వైపు నుంచి చూద్దాం. ఆడపిల్ల తల్లి. ఎప్పుడు లేచిందో, ఏం తిన్నదో ఆవిడకే గుర్తుండదు. మగపెళ్లివారి విడిదికి కాఫీలు అందాయా, పురోహితుడు అడిగిన సామాను సర్దారా, వడ్డన దగ్గర ఎవరున్నారు, ఇన్ని చూసుకుంటూ ఉంటుంది. అంత పనిలోనూ ఆవిడ కళ్లు ఎవరి కోసం వెతుకుతాయో పెళ్లయిన ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. పుట్టింటివాళ్ల కోసం. మన వైపు పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి తెచ్చేది మేనమామ, అంటే మీవారు. ఆయన పక్కన అత్త హోదాలో ఉండాల్సింది మీరు. బుట్ట వచ్చేసరికి తమ్ముడు ఉన్నాడు, తమ్ముడి భార్య లేదు. "మీ మరదలు ఏదమ్మా, ఇందాక కనిపించిందే?" అని ఆవిడ అత్తవారి వైపు వాళ్లు ఎవరో ఒకరు అడిగే ఉంటారు. ఆవిడ దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. అత్తవారి ముందు పుట్టింటి మర్యాద నిలబెట్టుకోవడానికి ఆడవాళ్లు ఎంత తాపత్రయపడతారో మీకు నేను చెప్పక్కర్లేదు. మీరూ ఒకింటి ఆడపడుచే.

మీకు ఆ రాత్రంటే 102 జ్వరం, ఫిట్స్ భయం, అమ్మ నుంచి రావలసిన మెసేజ్, గుంటూరు నుంచి బెజవాడ వచ్చే బస్సు. ఆవిడకు కనిపించింది వేరు. ఆలస్యంగా వచ్చింది, వెనక కూర్చుంది, ఫోను చూసుకుంది, విస్తరి ముందు కూర్చోకుండానే వెళ్లిపోయింది. ఇంతమటుకే చెప్పి, జ్వరం సంగతి దాచి, "ఈమె ఎలాంటి మనిషి?" అని మిమ్మల్నే అడిగితే మీరేమనేవారు? తొందరపడకుండా ఆలోచించండి.

పొగరు అనడం తప్పే, అందులో సందేహం లేదు. నలుగురిలో అనడం ఇంకా తప్పు. కానీ "మా పెళ్లి ఆమె కంటికి ఆనలేదు" అన్న మాట నాకు తిట్టులా వినపడటం లేదు. చిన్నబుచ్చుకున్న మనిషి మాటలా ఉంది. మీరు ఉన్నా లేకపోయినా ఒకటే అనుకునే మనిషైతే, ఆ లోటును మనసులో పెట్టుకునేది కాదు.

మీరు రాసిన ఇంకో వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. "నా ముఖం చూస్తేనే తెలిసిపోవాలి కదా" అన్నారు. మనందరం ఇలాగే అనుకుంటాం. లోపల గుండె అంతలా కొట్టుకుంటుంటే బయటికి కనిపించకుండా ఎలా ఉంటుందని మన నమ్మకం. దీని మీద అమెరికాలో థామస్ గిలోవిచ్, కెన్నెత్ సవిట్‌స్కీ, విక్టోరియా మెడ్‌వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1998లో కొన్ని పరిశోధనలు ప్రచురించారు. ఒకదాంట్లో కొందరికి చిన్న గ్లాసుల్లో పానీయాలు ఇచ్చారు. కొన్ని మామూలువి, కొన్ని నోట పెట్టలేనివి. ఏది తాగుతున్నా ముఖం ఒకేలా ఉంచాలి. తాగినవాళ్లు, తమ ముఖం చూసి ఎదుటివాళ్లు కనిపెట్టేసి ఉంటారనే అనుకున్నారు. చూస్తున్నవాళ్లు అంతగా కనిపెట్టలేకపోయారు. నోట్లో ఉన్న చేదే బయటివాళ్లకు కనపడకపోతే, సత్యనారాయణపురంలో పడుకుని ఉన్న పిల్లాడి జ్వరం గుంటూరు మండపంలో ఎవరికి కనపడుతుంది? మీరు కంగారును దాచాలనే అనుకున్నారు, బాగానే దాచారు. దాచినదాన్ని వాళ్లు చూడలేదని ఇప్పుడు బాధపడుతున్నారు.

ఇప్పుడు చెప్పేది మీకు కాస్త నొప్పిగా ఉండొచ్చు. అయినా మీ మీద ఉన్న ఆదరంతోనే చెబుతున్నాను. మీ ఉత్తరం చివర పై అంతస్తు ఆవిడ గురించి రాసిన నాలుగు ముక్కలు మళ్లీ చదవండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, తల ఎత్తదు, అంత గర్వం. మీ వదినగారు ఫోను చూసి పొగరు అన్నారు. మీరు ఇయర్‌ఫోన్లు చూసి గర్వం అన్నారు. ఆవిడ మిమ్మల్ని గంటన్నర చూశారు. మీరు ఈమెను నాలుగు నెలల్లో లిఫ్టులో చూసిన క్షణాలన్నీ కలిపినా అంత ఉండదేమో. మీరు చెడ్డవారని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఇంత గాయపడి ఉన్న మనిషి, ఆ గాయం గురించే రాస్తున్న ఉత్తరంలో కూడా అదే పని చేయగలిగిందంటే ఇది మనిషి బుద్ధిలో ఎంత లోతుగా పాతుకుపోయిన అలవాటో చూడండి.

ఎదుటివాళ్లు ఏదైనా చేస్తే అది వాళ్ల గుణం అనుకుంటాం. ఆ చోటు, ఆ వేళ, వాళ్ల నెత్తిన ఉన్న బరువు మన లెక్కలోకి రావు. లీ రాస్ అనే శాస్త్రవేత్త 1977లో దీన్ని మనం చేసే మూలమైన పొరపాటుగా పేర్కొన్నాడు. ఆ పేరు మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. దానికి నాలుగేళ్ల ముందు జరిగిన ఒక పరిశోధన మాత్రం గుర్తుంచుకోదగ్గది.

బైబిల్లోని మంచి సమరయుడి ఉపమానం వినే ఉంటారు. దారిలో దెబ్బలు తిని పడి ఉన్న మనిషిని పెద్దవాళ్లు ఇద్దరు చూసి తప్పుకుపోతే, ఎవరూ లెక్కచేయని సమరయుడు ఆగి కట్టుకట్టి కాపాడతాడు. 1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో పాస్టర్లు కావడానికి చదువుకుంటున్న విద్యార్థులను తీసుకున్నారు. పక్క భవనానికి వెళ్లి చిన్న ప్రసంగం చేయమన్నారు. కొందరికి ఇచ్చిన అంశం ఈ ఉపమానమే. బయల్దేరేటప్పుడు కొందరితో "ఇంకా టైముంది, అయినా వెళ్తూ ఉండండి" అన్నారు. కొందరితో "సరిగ్గా సమయమైంది" అన్నారు. కొందరితో "ఇప్పటికే ఆలస్యమైంది, మీ కోసం చూస్తున్నారు" అన్నారు. దారిలో ఒక మనిషి ఒక గుమ్మంలో కూలబడి దగ్గుతూ, మూలుగుతూ ఉన్నాడు. అతన్ని కావాలనే అక్కడ ఉంచారు. తీరిక ఉన్నవాళ్లలో నూటికి 63 మంది చొప్పున ఏదో ఒక సాయం చేశారు. మధ్యరకం తొందరలో ఉన్నవాళ్లలో 45. ఆలస్యమైందని విన్నవాళ్లలో 10. సమరయుడి గురించి మాట్లాడటానికి వెళ్తున్నవాళ్లు కూడా తొందరలో ఉంటే దాటిపోయారు. వాళ్లలో ఒకణ్ని మనం ఆ సందులో చూసి ఉంటే "రాతిగుండె, పైకి మాత్రం పాస్టరు" అని జీవితాంతం చెప్పుకునేవాళ్లం. "ఆలస్యమైంది" అన్న ఒక్క మాట అతణ్ని తరుముతోందని మనకు ఎలా తెలుస్తుంది?

మీ పై అంతస్తు ఆవిడను ఏం తరుముతోందో నాకూ తెలియదు. ఆవిడ మంచిదని కూడా నేను చెప్పడం లేదు. మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. మన దగ్గర ఉన్నది ఒక లిఫ్టు, రెండు ఇయర్‌ఫోన్లు, అంతే.

నా సంగతి కూడా ఒకటి చెప్పాలి. చెప్పకపోతే మీకు ఇంత మాట చెప్పే అర్హత నాకుండదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు విజయవాడ మీద పడ్డాయి కదా. సింగ్ నగర్‌లో మా పిన్ని కొడుకు వాళ్ల ఇల్లు, కింది భాగమంతా మునిగింది. రోజుల తరబడి నీళ్లు. నేను ఇక్కడ గుంటూరు బ్రాడీపేటలో టీవీ ముందు కూర్చుని ఏడ్చాను. ఫోన్లు చేశాను, నీళ్లు తీశాక బియ్యం, దుప్పట్లు పంపించాను. ఆ తర్వాత నెలన్నరకు మా మనవరాలి బారసాల. పిన్ని కోడలు వచ్చింది. వెలిసిపోయిన నూలు చీర, దానికి సరిపడని జాకెట్టు. అందరూ పట్టుచీరల్లో ఉన్నారు. నా మనసులో వచ్చిన మొదటి మాట, "శుభకార్యానికి ఇలాగేనా రావడం? మా ఇల్లంటే ఇంత తేలికా?" మనసులో ఉంచుకుని ఊరుకున్నానా అంటే అదీ లేదు. వంటింట్లో మా చెల్లెలితో అనేశాను. సాయంత్రం ఆమె వెళ్లేటప్పుడు బొట్టుపెట్టి, జాకెట్టు గుడ్డ చేతిలో పెడితే, ఆమె మెల్లగా అంది: "వదినగారూ, ఏమీ అనుకోకండి. చీరలన్నీ బీరువా కింది అరలోనే ఉండిపోయాయి. ఇది మా పక్కవీధి ఆవిడ ఇచ్చింది. రాకుండా ఉండలేక ఇలాగే వచ్చేశాను."

వరద సంగతి నాకు తెలియక కాదు. అందరికంటే ఎక్కువ తెలుసు. అయినా చీర చూసిన క్షణంలో నా బుద్ధి వరద దాకా వెళ్లలేదు. చీర దగ్గరే ఆగిపోయి తీర్పు చెప్పేసింది. తెలిసిన నేనే అలా అనుకున్నప్పుడు, ఏమీ తెలియని మీ వదినగారు అనుకోవడం వింతేమీ కాదు. మా చెల్లెలితో నేనన్న మాట ఆమె చెవిన పడిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మర్నాడు ఫోన్ చేసి "నిన్న నీ చీర చూసి నేను తప్పుగా అనుకున్నానమ్మా" అని చెప్పాను. చెప్పేవరకూ నాకు నిద్ర పట్టలేదు.

మన వైపు ఒక మంచి అలవాటు ఉండేది. పిలిచినవాళ్లు రాకపోతే పెద్దవాళ్లు "పాపం, ఏం అవాంతరం వచ్చిందో" అనేవారు. ఆ ఒక్క మాటతో రాని మనిషికి కూడా ఇంట్లో ఒక పీట వేసినట్టయ్యేది. జోన్ మిల్లర్ అనే పరిశోధకురాలు అమెరికాలోని చికాగోలోనూ మన మైసూరులోనూ మనుషులను కలిసి, తమకు తెలిసినవాళ్లు చేసిన మంచి పనులు, చెడ్డ పనులు చెప్పి, ఎందుకు చేశారో వివరించమంది. 1984లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అమెరికా పెద్దవాళ్లు ఎక్కువగా మనిషి స్వభావం గురించి మాట్లాడారు. మైసూరు పెద్దవాళ్లు అప్పటి పరిస్థితులు, బాధ్యతలు, ఎవరికి ఎవరు ఏమవుతారు అన్నవి ఎక్కువగా చెప్పారు. ఎనిమిదేళ్లు, పదకొండేళ్ల పిల్లల్లో మాత్రం రెండు చోట్లా పెద్ద తేడా లేదు. అంటే ఇది పుట్టుకతో వచ్చేది కాదు, ఇంట్లో పెద్దవాళ్ల మాటలు వింటూ పెరుగుతుంటే వచ్చేది. మనకు ఆ చూపు ఉంది. అయితే మనవాళ్లు అనుకున్నవాళ్ల మీదే దాన్ని వాడుతున్నామేమో అని నాకు అనుమానం. సొంత చెల్లెలు రాకపోతే అవాంతరం, తమ్ముడి భార్య రాకపోతే పొగరు.

ఇక మీ తోటికోడలు చెప్పిన మాట. ఆమె దురుద్దేశంతో చెప్పిందని నేను అనను. మీకు తెలియాలని చెప్పి ఉండొచ్చు. కానీ ఆ మాట మీ దగ్గరికి వచ్చేసరికి, అన్న గొంతు పోయింది, అన్న సందర్భం పోయింది. ముందేం మాట్లాడుకున్నారో, ఎవరు అడిగితే అన్నారో, అంటున్నప్పుడు కళ్లల్లో నీళ్లున్నాయో లేదో, ఏమీ మిగల్లేదు. మిగిలింది "పొగరు" ఒక్కటే. మొదట చెవిన పడ్డ మాటకు ఉన్న బలం చెడ్డది. సాలమన్ ఆష్ 1946లోనే ఇది చూపించాడు. ఒక మనిషి గురించి ఆరు మాటలు చెప్పాడు: తెలివైనవాడు, కష్టపడేవాడు, ఆవేశపరుడు, తప్పులెంచేవాడు, మొండివాడు, అసూయపరుడు. ఇంకో గుంపుకు అవే ఆరు, అసూయతో మొదలుపెట్టి తిరగేసి చెప్పాడు. మాటలు అవే అయినా, మొదటి గుంపుకు ఆ మనిషి చిన్నచిన్న లోపాలున్న సమర్థుడిగా కనిపించాడు. రెండో గుంపుకు తన తెలివి తనకే పనికిరాకుండా పోయిన మనిషిగా కనిపించాడు. ఇప్పుడు మీ వదినగారి చుట్టూ ఉన్నవాళ్లకు మీ గురించి ముందు పడ్డ మాట పొగరు. మీకు వదినగారి గురించి ముందు పడ్డ మాట, ఆవిడ అన్న ఆ మాటే. ఇలాగే వదిలేస్తే గృహప్రవేశంలో మీరు కాస్త మౌనంగా ఉన్నా అది పొగరే అవుతుంది. ఆవిడ హడావిడిలో పలకరించకపోయినా అది కక్షే అవుతుంది.

మా నాన్నగారు గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా చేసేవారు. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన వెంట వెళ్లేదాన్ని. కొనేవాళ్లు టిక్కీ (మిర్చి బస్తా) పైన కనిపించే కాయ చూసి ధర చెప్పేవారు కాదు. చెయ్యి లోపలికి పోనిచ్చి, అడుగునుంచి గుప్పెడు తీసేవారు. రంగు చూసి, ఒక కాయ విరిచి తేమ ఉందో లేదో చూసి, తాలు ఎంత కలిసిందో చూసి అప్పుడు మాట చెప్పేవారు. సాయంత్రానికి ఆయన చేతులు మండుతూ ఉండేవి. అన్నం కలుపుకోలేక స్పూను అడిగేవారు. ఒక బస్తా మిరపకాయల విషయంలో ఇంత శ్రమ పడేవాళ్లే, ఇంటికొచ్చి పక్కింటి మనిషి గురించి ఒక్క చూపుతో తేల్చేసేవారు. మా నాన్నగారితో సహా.

అందుకని మీరు చేయాల్సిన పని, మీ వదినగారి చేతికి ఆ అడుగునున్న గుప్పెడు అందించడం. ఫోన్లో వద్దు. గుంటూరు ఎంతదూరమని, నాన్‌స్టాప్ ఎక్కితే గంట ప్రయాణం. ఆదివారం పొద్దున్నే బయల్దేరండి. బాబును తీసుకెళ్లండి. వెళ్లగానే ఆ మాట ఎత్తకండి. కొత్త పెళ్లికూతురు ఎలా ఉంది, అల్లుడి ఉద్యోగం ఎక్కడ, ఇంటి పని ఎంతవరకు వచ్చింది, ఇవన్నీ అడగండి. పెళ్లి ఫోటోలు చూపించమనండి. ఆల్బమ్‌లో మీరు లేని పేజీలు వస్తాయి. అప్పుడు చెప్పండి. నేనైతే ఇలా చెబుతాను: "వదినగారూ, ఆ రోజు వీడికి 102 జ్వరం. వీడికి ముందు ఒకసారి ఫిట్స్ వచ్చాయి కదా, భయమేసింది. పెళ్లింట్లో ఆ మాట ఎందుకని మీకు చెప్పలేదు. చెప్పకుండా వెళ్లడం నాదే పొరపాటు. బుట్ట తెచ్చే వేళకు మీ పక్కన లేనని నాకు ఇప్పటికీ బాధగానే ఉంది."

అంతవరకే. "మీరు నన్ను పొగరన్నారట" అని దానికి తోక తగిలించకండి. తోటికోడలి పేరు అసలే రానివ్వకండి. మీరు సంజాయిషీ చెప్పడానికి వెళ్లడం లేదు, తెలియనిది తెలియజేయడానికి వెళ్తున్నారు. ఆ మాట ఎత్తితే ఆవిడ తనను తాను సమర్థించుకోవాల్సి వస్తుంది, ఇద్దరూ జ్వరాన్ని వదిలేసి ఆ మాటను పట్టుకుని కూర్చుంటారు. ఆవిడంతట ఆవిడ "నేనూ ఒక మాట అన్నానమ్మా" అంటే వినండి. అనకపోయినా పరవాలేదు.

మీవారితో కూడా ఒక మాట మాట్లాడండి, దెబ్బలాటగా కాదు. మీరు బయల్దేరింది ఎందుకో ఆ మండపంలో తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆయన. అక్కగారి చెవిలో "పిల్లాడికి బాగాలేదక్కా, నేనే వెళ్లమన్నాను" అని ఆయన ఒక్క ముక్క వేసి ఉంటే ఇంత జరిగేది కాదు. ఆయనకూ ఆ రాత్రి పని ఎక్కువై ఉంటుంది, మర్చిపోయి ఉంటారు. కానీ తన వాళ్లకు తన భార్య పరిస్థితి చెప్పే బాధ్యత భర్తదే, ఇకముందైనా.

గృహప్రవేశం నాడు అందరూ మిమ్మల్నే చూస్తారన్న భయం గురించి. ఇందాక చెప్పిన గిలోవిచ్ బృందమే 2000లో ఇంకో పరిశోధన ప్రచురించింది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థికి, వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, తోటి విద్యార్థులున్న గదిలోకి పంపేవారు. లోపలున్నవాళ్లలో దాదాపు సగం మంది ఆ బొమ్మను గమనించి ఉంటారని వేసుకున్నవాళ్లు అనుకున్నారు. నిజంగా గమనించింది నలుగురిలో ఒక్కరు. గోరంట్లలో ఆ రోజు పాలు పొంగాయా, వ్రతానికి పీటలు సరిపోయాయా, తన చీరకు మ్యాచింగ్ కుదిరిందా అని ఎవరి గొడవలో వాళ్లుంటారు. మీరు ముందు రోజు సాయంత్రమే వెళ్లి, తోరణాలు కట్టే దగ్గరో కూరలు తరిగే దగ్గరో కూర్చోండి. చేతిలో పని ఉన్న మనిషిని వింతగా చూసేవాళ్లు ఉండరు.

మనుషుల మీద ఏ అభిప్రాయమూ పెట్టుకోకూడదని నేను చెప్పడం లేదు. అలా బతకడం కుదరదు. మనల్ని పదేపదే గాయపరిచేవాళ్లు ఉంటారు, వాళ్లను గుర్తుపట్టాలి. హెరాల్డ్ కెల్లీ అనే శాస్త్రవేత్త 1967లో వివరించిన పద్ధతి ఒకటి నేను ఇంట్లో వాడుతుంటాను. మూడు ప్రశ్నలు. ఈమె ఎప్పుడూ ఇలాగేనా, ఆ ఒక్కసారేనా? అందరితోనూ ఇలాగేనా, నాతోనేనా? ఆమె చోటులో ఇంకెవరున్నా ఇలాగే చేసేవారా? మీ వదినగారి విషయంలో అడిగి చూడండి. ఇన్నేళ్లలో ఆవిడ మీతో ఎలా ఉన్నారో మీరు ఉత్తరంలో రాయలేదు. మీ పెళ్లయిన కొత్తలో, మీ కాన్పులప్పుడు, బాబుకు ఫిట్స్ వచ్చినప్పుడు ఆవిడ ఏం చేశారో గుర్తు తెచ్చుకోండి. అన్నిసార్లూ బాగానే ఉండి ఈ ఒక్కసారే ఇలా అన్నారంటే, అది ఆ రాత్రి చేయించిన పని. అలా కాకుండా, మీ సంగతి అంతా తెలిసి, మీరు వెళ్లి చెప్పిన తర్వాత కూడా నలుగురిలో అదే మాట అంటూ ఉంటే, అప్పుడు దూరంగా ఉండండి. కానీ ఆ నిర్ణయం తీసుకోవడానికి ముందు ఆవిడకు జ్వరం సంగతి తెలియాలి కదా. ఇప్పటివరకు తెలియలేదు.

పై అంతస్తు ఆవిడకు మూడో ప్రశ్న సరిపోతుంది. లిఫ్టులో మనలో ఎంతమంది తల ఎత్తుతున్నాం? రేపు ఎదురుపడితే మీరే "ఏ ఊరండీ మీది?" అనండి. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఈ ప్రశ్న అడిగాక మాట ముందుకు పోకుండా ఉండటం నేను చూడలేదు. ఇయర్‌ఫోన్ల వల్ల వినపడకపోతే ఇంకో రోజు అడగండి. శ్రావణ శుక్రవారాలు వస్తున్నాయి, తాంబూలానికి పిలవడానికి తలుపు కొట్టడం ఇంకా తేలిక. పిలిచినా రాకపోతే ఏం అవాంతరం వచ్చిందో అనుకుని ఊరుకోండి. ఆ మనిషికి పేరు పెట్టకండి, ఆవిడకు ఒక పేరు ఉంది.

వదినగారింటి నుంచి వచ్చాక నాకు మళ్లీ రాయండి. బాబుకు అత్తయ్యగారు ఏం చేసిపెట్టారో రాయండి. లిఫ్టులో ఆవిడ పేరు తెలిసిందో లేదో అది కూడా.